ముల్లు వణికినప్పుడల్లా

శుద్ధ ఏకాదశి, బుధవారం

పొద్దున పెద్ద ముల్లు డెబ్బై, చిన్న ముల్లు పద్నాలుగు. మధ్యాహ్నం డెబ్బై, పద్నాలుగు. సాయంత్రం డెబ్బై, పద్నాలుగున్నర.

ఇలా రోజుకు మూడుసార్లు రాయమని పుణ్యవతి వైర్‌లెస్‌లో చెప్పింది. ఆవిడ పొరల మెకానిక్కు. మా తెప్పలపేటతో కలిపి సముద్రం మీద పదకొండు తెప్పల ఊళ్ళు ఆవిడ చేతికింద ఉన్నాయి. పడవ మీద తిరుగుతూ ఏడాదికి రెండుసార్లు మా దగ్గరికి వస్తుంది. ఒట్టి అంకెలు చాలవట, ఆ రోజు ఏం చేశానో కూడా రాయాలట. నా తర్వాత ఈ గదిలో కూర్చునేవాళ్ళు చదువుకుంటారు కాబట్టి, ఏమీ తెలియనివాళ్ళకు చెప్పినట్టు రాయాలట.

"నాను మూడో క్లాసుతో ఆపీసినదాన్ని తల్లీ, తప్పులొస్తాయి" అన్నాను.

"తప్పులు నేను దిద్దుకుంటాలే మామ్మా, నువ్వు రాయి" అంది.

సరే, రాస్తున్నాను. రాయకపోతే ఏం ముంచుకొస్తుందోనని అదింకో భయం.

ఏమీ తెలియనివాళ్ళకు: ఈ గదిలో తొట్టి ఉంది. తొట్టి మధ్య దుప్పటంత వెడల్పున, కోడిగుడ్డు పెంకు లోపల ఉండేదానిలా పల్చగా, పొర బిగించి ఉంటుంది. దానికి ఇటు సముద్రం, అటు మంచినీళ్ళు. పండుగప్ప మొప్పల్లోంచి తీసిన విత్తుతో పెంచారు. ఆ చేప ఉప్పునీళ్ళలోనూ బతుకుతుంది, ఏట్లోనూ బతుకుతుంది కదా. పొరకు ప్రాణముంది. దాని మానాన దాన్ని వదిలేస్తే దాని సొంత కరెంటు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. డెబ్బై దగ్గర నిలబడితే ఉప్పు ఆపేసి నీళ్ళు బాగా విడుస్తుంది. అందుకని రెండువైపులా వెండి తీగలు ముంచి, కరెంటు పోసి దాన్ని డెబ్బై దగ్గర పట్టి ఉంచుతారు. పట్టి ఉంచేదాన్ని పట్టుపెట్టె అంటాం. పెట్టె మీద రెండు ముళ్ళు, కింద ఒక మర. పెద్ద ముల్లు పొర ఎక్కడుందో చెబుతుంది. మర తిప్పితే పట్టు బలం పెరుగుతుంది. చిన్న ముల్లు దేనికో నాకు తెలియదు. ఊళ్ళో ఎవరూ దాన్ని చూడరు.

నా పని జల్లెడకు పట్టిన నాచు గీకడం, పొరకు పూటపూటా గంజి పోయడం, తీగలు శుభ్రం చేయడం, కూర్చుని ముల్లును చూడడం. నాకూ మా సూరమ్మ వదినకూ చెరో పూట. వదిన అంటే చనిపోయిన మా ఆయనకు అక్క. ఆవిడ కూర్చుంటే గురక పెడుతుంది. నేను కూర్చుంటే నీళ్ళు కూడా తాగను.

శుద్ధ త్రయోదశి, శుక్రవారం

పొద్దున డెబ్బై, పద్నాలుగున్నర. మధ్యాహ్నం డెబ్బై, వణుకు. సాయంత్రం డెబ్బై, పదిహేడు.

శుక్రవారం కదా, తీగలు పైకి తీసి చింతపండు, బూడిద పెట్టి తోమాను. వారంలో ఎంత నల్లబడిపోతాయో. ఇంట్లో దీపం కుంది అలా ఉంటే ఎవరైనా ఊరుకుంటారా? తొంభై గడపలు తాగే నీళ్ళలో ముంచే వెండి అది. నేను పనిలోకి వచ్చిన ఐదు నెలల్లో ఒక్క శుక్రవారం కూడా తప్పలేదు. నాకు ముందు చేసినావిడ అసలు ముట్టుకున్నట్టే లేదు, నేను వచ్చేసరికి బొగ్గుల్లా ఉన్నాయి.

"ఒలే నరసా, తెల్లగా మల్లెపువ్వులాగున్నాయే" అంది వదిన. ఆవిడ నోట మంచిమాట రావడం అరుదు.

మధ్యాహ్నానికి పెద్ద ముల్లు వణకడం మొదలెట్టింది. డెబ్బై మీదే ఉంది కానీ అరవై ఎనిమిదికీ డెబ్బై రెండుకీ మధ్య చలిజ్వరం వచ్చినదానిలా కొట్టుకుంటోంది. మర ఒక గీత తిప్పాను. ఆగింది. ముల్లు వణికినప్పుడల్లా నేను చేసేది అదే. ఒక్క గీత. ఆగిపోతుంది.

మా ఊరి పెద్ద దాలయ్య దగ్గరికి వెళ్ళి చెప్పాను. వల బాగుచేసుకుంటూ తల ఎత్తకుండానే అన్నాడు.

"పిన్నీ, ఇప్పుడు ముల్లెక్కడుంది?"

"డెబ్బైలో ఉంది బాబూ."

"మరింకేటి? వణికితే సెప్తావు, వణక్కపోతే ఎందుకు వణకట్లేదనీసి సెప్తావు. పోయి ఇంత కూడు తిని పడుకో."

నాకు పడుకోవడమంటే భయం. పోయిన ఏడు పక్క తెప్పల ఊళ్ళో పొర చిరిగిపోయింది. కొత్తది పెరగాలంటే ఏడు నెలలు. నలభై గడపలు తాళ్ళు కోసేసుకుని ఒడ్డుకు పోయారు. ఒడ్డు షెడ్లలో ఎక్కడ చోటుంటే అక్కడ పెట్టారు, తల్లి ఒక షెడ్డు, పిల్ల ఒక షెడ్డు. ఇవాళ్టికీ ఎవరు ఎక్కడున్నారో తెలియదు. నాకు మిగిలింది వదిన ఒక్కతే. తిడుతుంది, గురక పెడుతుంది. అయినా ఆవిడ ఒక షెడ్డు, నేను ఒక షెడ్డు అనుకుంటే కూడు గొంతు దిగదు.

శుద్ధ చతుర్దశి, శనివారం

డెబ్బై, పంతొమ్మిది. డెబ్బై, పంతొమ్మిది. సాయంత్రం వణికితే ఇంకో గీత తిప్పాను. డెబ్బై, ఇరవై ఒకటి.

నీళ్ళు రుచి చూశాను. నాలుక చివర ఉప్పు తగిలింది. వదినకు ఇచ్చాను.

"ఉప్పూ నేదు గిప్పూ నేదు. పొద్దల్లా ఏడుత్తావు కదా, ఆ కన్నీలు నోట్లోకి కారుంటాయి."

కుళాయి దగ్గర కొండమ్మకు ఇచ్చాను. తాగి, పెదవి విరిచి, ఏమీ చెప్పకుండా బిందె ఎత్తుకుపోయింది. చెప్పకపోతే ఏమనుకోవాలి?

పౌర్ణమి, ఆదివారం

డెబ్బై, ఇరవై రెండు. డెబ్బై, ఇరవై నాలుగు. సాయంత్రం డెబ్బై, ఇరవై ఆరు.

పోటు ఎక్కువ. తెప్పలన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. ఒళ్ళు పులిసిపోయింది. మర ఇవాళ రెండుసార్లు తిప్పాను. ఇంక మూడు గీతలే మిగిలాయి. అవి కూడా అయిపోయాక వణికితే ఏం తిప్పాలి?

వైర్‌లెస్‌లో పుణ్యవతిని పిలిచి అంకెలు చదివాను. పెద్ద ముల్లు చదువుతుంటే ఊఁ కొట్టింది. చిన్న ముల్లు దగ్గరికి వచ్చేసరికి ఊఁ ఆగిపోయింది.

"ఎంతన్నావు?"

"ఇరవై ఆరమ్మా."

"నేను చివరిసారి వచ్చినప్పుడు ఆరు ఉంది. బుధవారం వస్తాను. ఈలోగా మర ముట్టుకోకు."

"వణికితే?"

"వణకనీ."

అలా ఎలా అంటుందో. చూస్తూ కూర్చోవలసింది ఆవిడ కాదు కదా. ఇక్కడి నుంచి మంగళవారం రాత్రి రాస్తున్నాను: ఇవాళ్టి దాకా చేతులు కొంగులో చుట్టుకుని కూర్చున్నాను. ఇవాళ మధ్యాహ్నం మరీ కొట్టుకుంటే ఒక్క గీత తిప్పాను. ఇక్కడ అబద్ధం రాయడం ఇష్టం లేదు.

బహుళ తదియ, బుధవారం

పొద్దున డెబ్బై, ముప్పై ఒకటి.

పుణ్యవతి వచ్చింది. పడవ దిగి మంచినీళ్ళయినా తాగకుండా గదిలోకి వచ్చి, తొట్టిలోకి ఒంగి చూసింది. పొర మీద తెల్లటి చారలు. అవి నాకు కనిపించలేదు, ఆవిడ వేలు పెట్టి చూపిస్తే కనిపించాయి. తర్వాత తీగ ఒకటి పైకి తీసింది. అది ఎండలో తళుక్కుమంది. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"శుక్రవారమే తోమినానమ్మా" అన్నాను.

"దేంతో?"

"చింతపండు, బూడిద. మాసిపోయిందేటి?"

పుణ్యవతి తొట్టి గట్టు మీద కూర్చుండిపోయింది. నలభై ఏళ్ళ మనిషి, అప్పుడు మాత్రం నాకంటే ముసలిదానిలా కనిపించింది.

"మామ్మా, ఆ నలుపు మురికి కాదు. నేనే బ్లీచింగు నీళ్ళలో నానబెట్టి పట్టించాను. ఆ నలుపు ఉంటేనే తీగ నిజం చెబుతుంది. తోమేస్తే ఉప్పునీళ్ళలో ఒక మాట మీద నిలబడదు. పైగా ఒట్టి వెండి కొంచెం కొంచెం కరిగి పొరకు విషమవుతుంది."

నాకు అర్థమైంది. అయినా అర్థంకానట్టే అడిగాను. "మరి ముల్లు డెబ్బైలోనే ఉంది కదా తల్లీ."

"ఉంటుంది. ఉండేలా మనమే లాగి పట్టాం కాబట్టి ఉంటుంది. పొర బాగానే ఉంది, బాగాలేదని తీగ అబద్ధం చెప్పింది. పెట్టె తీగను నమ్మి కరెంటు పోసింది. నువ్వు మర తిప్పావు, ఇంకా పోసింది. పొరను ఆ డెబ్బై దగ్గర నిలబెట్టడానికి ఎంత పోస్తున్నామో అదే చిన్న ముల్లు. అది ఎంత కష్టపడుతోందో అక్కడ తెలుస్తుంది. పెద్ద ముల్లు చూస్తే ఏం తెలుస్తుంది?"

"ఐతే నానే..."

"నేను కూడా. వెండి తోమొద్దని చెప్పాలని నాకు తట్టనే లేదు."

ఏం చేయాలో చెప్పింది. నల్లటి కొత్త తీగలు వేస్తుంది. మర సున్నకు తిప్పి పట్టు పూర్తిగా తీసేస్తుంది. పొర ఎటు పోతే అటు పోనివ్వాలి. ముల్లు బాగా పడిపోతుంది. పడిపోయి, ప్రాణం ఉంటే, దానంతట అదే లేస్తుంది. యాభై దాటితే నీళ్ళు తాగొచ్చు. ఇరవై దిగితే ఇక లేవదు, ఊరిని ఒడ్డుకు చేర్చే పడవలను పిలవాలి. ఈలోగా ఎవరైనా భయపడి మర తిప్పారంటే, ఈ చారల దగ్గర చిరుగుతుంది. వేరే పెద్ద తొట్టెలో ఉన్న నిలవ నీళ్ళు రోజుకు గడపకు ఒక బిందె చొప్పున ఏడు రోజులకు వస్తాయి.

"నువ్వుంటావు కదమ్మా?"

ఉండదట. ఇంకో ఊళ్ళో పొర నిన్ననే చిరిగిందట, రేపు ఇక్కడ పట్టు తీసి అటు పోవాలట. మర ఊడదీసి పట్టుకుపొమ్మన్నాను. పెట్టె తెరిస్తే ముళ్ళు కూడా ఆగిపోతాయి, కుదరదంది. గదిలోంచి వెళ్ళేముందు నా భుజం మీద చెయ్యి వేసి, "తీగలు పాతబడ్డాయని చెబుతాను మామ్మా ఊళ్ళోవాళ్ళకు. అంతవరకు నిజమే" అంది. నేను ఊఁ అనలేదు, వద్దనలేదు. ఒంట్లో ఓపిక లేదు.

బహుళ చవితి, గురువారం

పొద్దున పుణ్యవతి పట్టు తీసేసింది. చిన్న ముల్లు గభాలున సున్నకు వచ్చేసింది. పెద్ద ముల్లు నలభై ఆరు.

కుళాయి దగ్గర ఊరంతా చేరింది. పుణ్యవతి మొదలుపెట్టబోయింది. నేనే ముందుకు వెళ్ళాను. ఎందుకంటే నా తర్వాత కూర్చునేవాళ్ళు కూడా శుక్రవారం తోముతారు. నల్లగా ఉంటే తోమకుండా మావాళ్ళెవరూ ఉండలేరు.

"నానే తోమినాను. తోమితే ముల్లు వణికింది. వణికితే బయమేసి మర తిప్పినాను. ఐదు నెల్లూ అదే సేసినాను. పొర అలిసిపోనాది."

ముందు కొండమ్మ అందుకుంది. "రెండు నెల్లబట్టీ మా ఇంటాయన కూరలో ఉప్పెక్కువేసినానని నన్ను తిడతన్నాడు. ఉప్పెయ్యడం మానీసినా తిట్టినాడు! తప్పంతా నీ కాడెట్టుకుని ఏ నోటితో ఊరుకున్నావే?"

"రోజూ సెప్తానే ఉంది కదే, మనమే ఇన్లేదు" అని ఎవరో అన్నారు. "సెప్పింది కాదు, సేసింది సూడు" అని ఇంకెవరో. ఒక బిందె ఠంగుమని కింద పడింది. ఎవరు విసిరారో నేను చూడలేదు.

దాలయ్య చేయెత్తి ఆపాడు. "ఏడు రోజులు ముట్టకుండా ఎవలు కూకుంటారు?" అన్నాడు. ఎవరూ ముందుకు రాలేదు. ఇరవైకి దిగితే ఆ కూర్చున్నవాళ్ళ పేరే కదా ఊరి నోట నానేది.

"నాను కూకుంటాను" అంది సూరమ్మ వదిన. "నాకు బయమూ నేదు బక్తీ నేదు. దీన్ని పక్కన కూకోబెట్టుకుంటాను. దీని సేతులు నాను సూసుకుంటాను."

బహుళ పంచమి, శుక్రవారం

నలభై మూడు. నలభై ఒకటి. నలభై. చిన్న ముల్లు సున్న.

శుక్రవారం. చేతులకు పని లేదు. వదిన ఒక పాత వల ముందు పడేసి, ముడులు విప్పమంది. విప్పుతూ కూర్చున్నాను.

బహుళ షష్ఠి, శనివారం

ముప్పై ఎనిమిది. ముప్పై ఆరు. ముప్పై ఐదు. సున్న.

ఒక బిందెతో గడపడం కష్టంగా ఉంది. ఒళ్ళు సముద్రంలో కడుక్కుంటున్నారు, అంతా దురదలు. దారిలో నన్ను చూసి కొందరు తల తిప్పుకుంటున్నారు. తల తిప్పుకోనివాళ్ళతో నేనే మాట్లాడలేకపోతున్నాను.

బహుళ సప్తమి, ఆదివారం

ముప్పై రెండు. ముప్పై. ఇరవై ఎనిమిది. సున్న.

దాలయ్య వచ్చి గుమ్మంలోనే నిలబడి చూశాడు. "పడవలకి కబురెట్టీమంటారా?" అన్నాడు. "ఇరవై అనింది కదా ఆయమ్మ" అంది వదిన. అతను వెళ్ళాక తన పెట్టెలోంచి రెండు చీరలు తీసి, ఒకటి నాకు ఇచ్చింది. మా పెళ్ళికి మా ఆయన ఆవిడకు పెట్టిన చీర. "వేరే షెడ్డులో ఏస్తే నీకాడ ఉండనీ" అంది. నేను రెండు చీరలూ కలిపి ఒకే మూట కట్టాను.

బహుళ అష్టమి, సోమవారం

పొద్దున ఇరవై నాలుగు. సున్న.

మధ్యాహ్నం ఇరవై రెండు. ముల్లు వణకడం మొదలెట్టింది. ఐదు నెలల్లో ఇలా వణకడం చూడలేదు. ఇరవై ఐదు దాకా పోతుంది, ఇరవై ఒకటి దాకా వస్తుంది. ఇరవై ఒకటి దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. నా చేతులు వల ముడుల్లో ఉన్నాయి, వేళ్ళు తాళ్ళలో గట్టిగా దూర్చేశాను.

అప్పుడు పక్కన గాజులు కదిలిన చప్పుడైంది. వదిన లేచింది. నా వైపు చూడడం లేదు. కళ్ళు ముల్లు మీదే ఉన్నాయి. కుడిచెయ్యి మర మీదికి పోతోంది.

"వదినా!"

"ఒక్క గీత. ఒక్కటేనే. సచ్చిపోతందే అది!"

"ముట్టకు."

"సూత్తా ఎలగ కూకుంటావే? ఇన్నాళ్ళూ ఏడిసి సచ్చినావు, ఇప్పుడు రాయిలాగ కూకున్నావేటి?"

చెయ్యి మర మీద పడింది. నేను వలతో సహా లేచి ఆ చేతిని పట్టుకున్నాను. ఆవిడ నాకంటే బలమైన మనిషి. లాగింది. నేను వదల్లేదు. ఇద్దరం తొట్టి పక్కన చాప మీద కూలబడ్డాం. వల మా ఇద్దరి కాళ్ళకూ చుట్టుకుంది. ఆవిడ ఏడ్చింది. నలభై ఏళ్ళలో, తమ్ముడు పోయినప్పుడు కూడా, వదిన నా ఎదుట ఏడవలేదు.

"నీకిలగుంటదా నరసా? రోజూ?"

"ఇలగే ఉంటాది."

"ఒలమ్మ... ఎలగ బతికినావే?"

చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఇరవై ఒకటి. ఇరవై మూడు. ఇరవై ఒకటి. ఎంతసేపో తెలియదు, పోటు తిరిగి తెప్పలు సర్దుకునేంతసేపు. చేతులు చెమటకు జారుతుంటే కొంగుతో తుడుచుకుని మళ్ళీ పట్టుకున్నాను. ఇరవై ఒకటి రావడం మానేసింది. ఇరవై రెండు, ఇరవై ఐదు. ఇరవై మూడు, ఇరవై ఆరు.

సాయంత్రం ఇరవై ఏడు. చిన్న ముల్లు సున్న.

బహుళ నవమి, మంగళవారం

ముప్పై ఒకటి. ముప్పై ఆరు. నలభై. సున్న, సున్న, సున్న.

ఇద్దరం వల చిక్కు తీశాం. చేతులు నొప్పిగా ఉన్నాయి.

బహుళ ఏకాదశి, గురువారం

నిన్నటి సాయంత్రం అంకె ఈ పుస్తకంలో లేదు. దానికి కారణం రాస్తున్నాను.

నిన్న పొద్దున నలభై ఎనిమిది. మధ్యాహ్నం యాభై మూడు. నిలవ తొట్టె అప్పటికి అడుగంటింది. వైర్‌లెస్‌లో పుణ్యవతికి చెబితే ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. తాగొచ్చంది. ఇంక డెబ్బై అడగొద్దంది. పొర తనంతట తాను ఎంత ఇస్తే అంతతోనే సరిపెట్టుకోవాలి, గడపకు ఇదివరకటిలా రెండు బిందెలు కాదు, ఒకటిన్నర. అలా ఐతే చాలా ఏళ్ళు వస్తుందట. దాలయ్య ఆ మాట కుళాయి దగ్గర చెబితే కొండమ్మ, "ఒకటిన్నరంటే అర బిందె ఎవలు కొలుత్తారు?" అని తగువు పెట్టుకుంది. అది విని ఊళ్ళో చాలామందికి ప్రాణం లేచొచ్చింది. తగువు పడుతున్నారంటే ఇక్కడే ఉంటామన్నమాటే కదా.

వదిన మొదటి గ్లాసు పట్టి తాగింది. పుక్కిలించి చూసి, "సప్పగుంది" అంది. నాకు ఇచ్చింది. చప్పగానే ఉంది.

తర్వాత నా పూట. ముల్లు యాభై మూడుకూ యాభై ఐదుకూ మధ్య సన్నగా వణుకుతోంది. ఎప్పటికీ అలాగే ఉంటుందట, ప్రాణమున్నది కదా. నేను తొట్టి పక్కన చాప మీద, దానివైపే తిరిగి, కాసేపు నడుం వాల్చాను. ఎండ ఇంకా ఉంది. వణకడం చూస్తూనే ఉన్నాను.

నిద్రపోయాను.